గోదారి గట్టెక్కి నడుద్దామా!

తనకల్లు వాళ్లను నది ఎలా ఉంటుందని అడిగితే ఏం చెబుతారు? ఇసుక అంటారు. పాపాఘ్ని మనకు ఎక్కువగా కనిపించేది అలాగే మరి. నంది కొండల్లో పుట్టి, మన మండలం మీదుగా పోయి, కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. దారిలో చెలమలు తవ్వుకున్న జ్ఞాపకాలు తాతయ్యలకు ఉంటే, ఇసుక ట్రాక్టర్లు చూసిన జ్ఞాపకాలు మనవళ్లకు ఉన్నాయి. అటు ధర్మవరం వాళ్ల చిత్రావతి, ఇటు హిందూపురం వాళ్ల పెన్న... అన్నీ ఆ బాపతే. ఏ పదేళ్లకో ఒళ్లు విరుచుకుంటాయి. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు వెల్దుర్తి దగ్గర వరదలో చిక్కుకున్న పదిమందిని హెలికాప్టరుతో కాపాడాల్సి వచ్చింది. మళ్లీ మామూలే.

అందుకే ఈ వారం మిమ్మల్ని ఉత్తరం వైపు తీసుకెళ్తున్నాం. ఏడాది పొడవునా నీళ్లుండే నది ఒడ్డున, ఒక పూట కాలినడకన. ఊరు రాజమండ్రి. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం. తొమ్మిది వందల ఏళ్ల పైమాట... రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు, నన్నయ భారతం తెలుగు చేసిన ఊరు.

మొదట ధవళేశ్వరం

పిల్లలతో వెళ్తే నడక ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ఊరికి దక్షిణాన గోదావరికి అడ్డంగా కట్టిన ఆనకట్ట ఇది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే నది ఇక్కడిదాకా వచ్చి, ఆ తర్వాత గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిపోతుంది.

ఇక్కడ పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది. ఇంత నీళ్లున్న జిల్లా కదా, తిండికి లోటేముంటుంది అనుకుంటాం. కానీ 1830లలో ఈ ప్రాంతం కరవుతో అల్లాడింది. 1839లో తుపాను ఉప్పెన కోరంగి తీరాన్ని ఊడ్చేసింది. కళ్లెదుటే నది సముద్రంలోకి పోతూంటే జనం ఆకలితో చచ్చిపోయారు. నీళ్లు ఉండటం వేరు, పొలానికి రావటం వేరు!

ఆ రెండింటినీ కలిపినవాడు ఆర్థర్ కాటన్. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాడు. మధ్యలో లంకలు ఉండటంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. పాతది బలహీనపడ్డాక దాని స్థానంలో వచ్చిన బ్యారేజికి కాటన్ పేరే పెట్టారు. పక్కనే మ్యూజియం ఉంది. డెల్టాలో కాటన్ విగ్రహం లేని ఊరు వెతకాలి. స్నాన సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునే పురోహితులూ ఉన్నారట!

ఇదేం వింత అనకండి. సీడెడ్ జిల్లాల కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా అనంతపురంలో ఉన్న మన్రో పేరును మన పెద్దలు పిల్లలకు పెట్టుకోలేదూ? పనిచేసిన దొరను జనం మరిచిపోరు. అన్నట్టు, కాటన్‌కు మన సీమతోనూ చుట్టరికం ఉంది. 1860లలో ఓ ప్రైవేటు కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ వెనుక ఆయన ఆలోచనే ఉంది. అది గోదావరి అంత లాభసాటి కాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది.

ఒకే చోట మూడు తరాలు

ధవళేశ్వరం నుంచి ఆటో ఎక్కి ఊళ్లోకి రండి. గౌతమీ ఘాట్ దగ్గర దిగితే ఇక నడకే. జనం దీన్ని గోదారి గట్టు అంటారు. ఎడమ చేతి వైపు నది, కుడి చేతి వైపు ఊరు. పొద్దున ఆరింటికి వస్తే ఎండ బాధ ఉండదు.

కాస్త ముందుకు నడిచేసరికి వంతెనలు కనిపిస్తాయి. పాతది హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు అది. 1897 ఆగస్టులో దీనిమీద రైళ్లు మొదలయ్యాయి. అంతకుముందు రైలు ప్రయాణికులు ఈ ఒడ్డున దిగి, నదిని పడవలో దాటి, కొవ్వూరులో మళ్లీ రైలెక్కేవారు. 56 ఖానాలున్న ఈ వంతెన సరిగ్గా నూరేళ్లు మోసింది. 1997లో విశ్రాంతి ఇచ్చారు. దాని పక్కనే విల్లులా వంగిన 28 కాంక్రీటు కమాన్లతో కొత్త వంతెన అదే ఏడాది అందుకుంది. ఫొటోల్లో, సినిమాల్లో మీరు చూసే రాజమండ్రి ఇదే. ఎగువన కొవ్వూరుకు వెళ్లే మూడోది రోడ్డు కం రైలు వంతెన. 1974 నాటిది. కింద రైలు, పైన బస్సు! పిల్లల్ని అక్కడి నుంచి కదిలించటం మీ తరం కాదు.

పుష్కర ఘాట్ మెట్ల మీద

గోదావరి స్టేషనుకు దగ్గర్లోనే పుష్కర ఘాట్. మామూలు రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది. సాయంత్రం హారతి వేళ దీపాలు నీళ్లలో కనిపిస్తాయి. కానీ 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజునే, ఇక్కడ జరిగిన తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. పుణ్యానికి వచ్చి తిరిగి వెళ్లనివాళ్లు వాళ్లు. ఊళ్లో పన్నెండు రోజులు, పదుల కొద్దీ ఘాట్లు ఉన్నా, అందరూ ఒకే ఘాట్‌కు, ఒకే ముహూర్తానికి రావాలనుకోవటం ఎంత ప్రమాదమో ఆ మెట్లు గుర్తు చేస్తాయి. ఆ తర్వాతి పుష్కరాలు 2027వి. పెద్దల్ని తీసుకెళ్లేవాళ్లు మొదటి రోజు కాకుండా మరో రోజు, మరో రేవు చూసుకోవటం మంచిది. నది అంతా ఒకటే కదా!

రంగులు, అక్షరాలు

గట్టు మీదే దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. చాలామంది బోర్డు చూసి దాటిపోతారు. మీరు ఆగండి. హేవలాక్ వంతెన తెరిచిన 1897లోనే పుట్టిన ఈ రాజమండ్రి కుర్రాడి ప్రతిభను ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే గుర్తించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని వచ్చిన రామారావు సొంత ఊళ్లోనే చిత్రకళ బడి పెట్టాడు. మశూచి సోకి 1925లో పోయాడు. వయసు ఇరవై ఏడే. 'సిద్ధార్థ రాగోదయం' గీసిన చేతికి దేవుడిచ్చిన గడువు అంతే.

ఓపిక ఉంటే ఊళ్లోకి నడవండి. కందుకూరి వీరేశలింగం కట్టించిన టౌన్‌హాలు ఉంది. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. ఊరంతా ఎదురు తిరిగినా వెనక్కి తగ్గని మనిషి. 1898లో మొదలైన గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలూ భద్రంగా ఉన్నాయి.

మళ్లీ గట్టెక్కి కోటిలింగాల రేవు దాకా వస్తే నడక పూర్తయినట్టే. ఈలోగా ఆకలేస్తుంది. ఉగ్గాణి-బజ్జీ కోసం వెతక్కండి. ఇక్కడ దొరికేది పెసరట్టు, పనసపొట్టు కూర, ఎండలో చల్లగా రోజ్‌మిల్క్. ఇంటికి ఆత్రేయపురం పూతరేకులు. వానాకాలం వెళ్తే పులస గురించి వింటారు. ధర విన్నాక వినటంతోనే సరిపెట్టుకుంటారు.

ఈ నీళ్లకూ మనకూ ఏమిటి?

ఇంత నీళ్లు చూశాక మనవాళ్లు ఒక నిట్టూర్పు విడుస్తారు. 'ఇందులో పిడికెడు మనకొస్తే...' అని. వరసకు అది మొదలైంది కూడా. రాజమండ్రికి ఎగువన పట్టిసీమలో గోదావరి నీళ్లను తోడి కృష్ణా డెల్టాకు పంపటం 2015లో మొదలుపెట్టారు. డెల్టాకు గోదావరి సరిపెడితే, ఆ మేరకు శ్రీశైలంలో కృష్ణా నీళ్లను సీమకు మిగల్చవచ్చన్నది లెక్క. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువలో ఎక్కి వచ్చే నీళ్లే పెనుకొండ దగ్గర గొల్లపల్లికి, కదిరి దగ్గర చెర్లోపల్లికి చేరుతున్నాయి. అంటే చెర్లోపల్లిలో నిలిచే నీళ్లలో ఈ గోదారి వాటా ఉన్నట్టే. ఎంత అన్నది వేరే వాదన.

అయితే ధవళేశ్వరం చెప్పే పాఠం మనకు కొత్తదేమీ కాదు. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు తవ్వించినవాళ్లకు అది ఎప్పుడో తెలుసు. వానలు తక్కువ పడే సీమలో పడ్డ చుక్కను ఆపిన పెద్దలు వాళ్లు. కాలువ నీళ్లు రేపు వచ్చినా నిలవాల్సింది ఆ చెరువుల్లోనే. తూము పూడిపోయి, కట్ట మీద కంప పెరిగి, అలుగు ముందు ఇళ్లు లేస్తే గోదావరి మొత్తం వచ్చినా ఏం లాభం? రాజమండ్రి నుంచి వచ్చాక ఓ ఆదివారం పిల్లల్ని మీ ఊరి చెరువుకట్ట మీద కూడా నడిపించండి.

వెళ్లేవాళ్లకు

హిందూపురం, ధర్మవరం నుంచి రాజమండ్రికి నేరుగా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. కదిరి, తనకల్లు వాళ్లు ధర్మవరం వెళ్లి ఎక్కటం సులువు. వేళలు ముందే చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. పాపికొండల పడవ ఎక్కితే లైఫ్‌జాకెట్ వేసుకున్నాకే కూర్చోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన పడవను మరిచిపోకండి. ఘాట్లలో ఈత వచ్చినా సరే, లోతుకు వెళ్లొద్దు. ఇసుక నదులు చూసి పెరిగిన మనకు నీళ్ల నది లోతు తెలియదు!