కెరిస్ వయసు కంటిచూపుకు తేలేనా?

కెరిస్ అనే జావా, మలయ్ బాకు ఏ కాలంది, ఎక్కడిది అని చెప్పే సంప్రదాయ విద్యను 'తంగుహ్' అంటారు. ఇనుము రంగు, ఆకారం, 'పమోర్' అనే తెల్లని చారలు చూసి "ఇది మజపాహిత్ నాటిది" అంటారు. నా దృష్టిలో అది శైలి పేరు, తేదీ కాదు. పాత నమూనాలను తర్వాతి కమ్మరులూ కొట్టారు కదా! పిడి, ఒర తరచూ మారతాయి. నిమ్మరసం, ఆర్సెనిక్‌తో పదేపదే శుభ్రం చేస్తే ఇనుము అరుగుతుంది కాబట్టి, అరుగుదలనూ నమ్మలేం.

ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ కత్తిని కోయకుండానే నికెల్‌ను పట్టిస్తుంది. అయితే నికెల్ కనిపించగానే ఉల్క ఇనుమని మురిసిపోకూడదు. సులవేసి ఇనుములోనూ అది ఉంటుంది. ఉక్కులోని కార్బన్‌కు రేడియోకార్బన్ పరీక్ష చేయొచ్చు గానీ, నమూనా కోయాలి; పాత ఇనుము కలిసుంటే లెక్క తప్పుతుంది. మ్యూజియం చీటీలపై తంగుహ్ మాటను, ప్రయోగశాల ఫలితాన్ని విడివిడిగా రాయాలి. తేదీ చెక్కిన కత్తులు అరుదు: రామాయణ బొమ్మలున్న క్నౌడ్ కెరిస్‌పై శక సంవత్సరం 1264, అంటే క్రీ.శ. 1342 ఉంది.