అమీనాకు లేని అధికారం ఫోనుకెక్కడిది?

గత రంజాన్ మాసంలో ఒక సాయంకాలం, ఇఫ్తార్‌కు ఇంకా గంట వ్యవధి ఉండగా, మా పేటలో కుట్టుపని చేసుకునే ఒక సోదరి తన ఫోను తెచ్చి మా ముందుంచింది. "చాచా, దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి. మోగితే చేతులు వణుకుతున్నాయి" అన్నది. ఆ ఒక్కరోజే ఇరవై రెండు కాల్స్ వచ్చాయి. భర్త ఆటో మరమ్మతు కోసం గ్రూపు ద్వారా ఒక మైక్రోఫైనాన్సు సంస్థలో తీసుకున్న అప్పుకు మూడు కిస్తీలు ఆగిపోయాయి. ఇరవై రెండు కాల్స్‌నైనా ఆమె ఓర్చుకునేదే. కానీ ముందురోజు ఆ సంస్థ మనిషి ఆమె కూతురి అత్తవారింటికి ఫోను చేశాడు. ఆ అమ్మాయి నిఖా జరిగి ఆరు నెలలైనా కాలేదు.

అప్పు విషయంలో మా అభిప్రాయం ముందే చెబుతాము. తీసుకున్నది తీర్చవలసిందే. రుణం మిగిల్చి మరణించిన ఒక వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) వెనుకాడారనీ, అబూ ఖతాదా (రజి) ఆ రుణానికి పూచీపడిన మీదటనే చేయించారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఎగవేతకు ఈ పత్రిక వత్తాసు పలకదు. అయితే బాకీ అడిగే హక్కు వేరు, ఇంటి ఇజ్జత్‌ను వీధిలోకి ఈడ్చడం వేరు.

మేము గుమాస్తాగా పనిచేసిన కాలంలో బకాయి నోటీసులు ఎన్నో రాశాము. సర్కారు బాకీ అయినా ముందు కాగితం వెళ్ళాలి, అందినట్టు సంతకం తిరిగి రావాలి. ఇక కోర్టులో గెలిచి డిక్రీ చేతబట్టుకున్న వాడి సంగతి చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జప్తుకు వచ్చే అమీనా సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు నివాసగృహంలో అడుగుపెట్టరాదు. పరదా పాటించే స్త్రీ ఉన్న గదిలోకి వెళ్ళవలసివస్తే, ఆమె తప్పుకునేందుకు ముందుగా తెలియజేసి తగిన వ్యవధి ఇవ్వాలి. ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తిదారుల పనిముట్లు జప్తు చేయరాదు. డబ్బు డిక్రీ కింద స్త్రీని అరెస్టు చేయడానికే వీలులేదు. పరాయి పాలకులు రాసిన చట్టంలోనే ఇంత మర్యాద ఉన్నది. డిక్రీ సంగతి అటుంచి, దావా కూడా వేయని సంస్థ మనిషికి అమీనాను మించిన అధికారం ఎక్కడినుంచి వచ్చింది?

రిజర్వు బ్యాంకు నిబంధనలు కూడా ఇదే అడుగుతున్నాయి. ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే మైక్రోఫైనాన్సు అప్పులపై 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆదేశాల ప్రకారం, ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తర్వాత వసూలు కోసం ఫోను చేయరాదు. పదేపదే ఫోన్లు చేయడం, దూషించడం, బంధుమిత్రులను వేధించడం, బాకీదారు పేరు బయటపెట్టడం, కట్టకపోతే ఏమవుతుందో అబద్ధాలు చెప్పి భయపెట్టడం నిషిద్ధం. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల ఇతర అప్పులకు వేళ ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకు. అప్పుల యాప్‌లు మన ఫోనులోని కాంటాక్టు నంబర్లను తీసుకోరాదని 2022 సెప్టెంబరులో మరొక ఉత్తర్వు వచ్చింది. 2020 డిసెంబరులో హైదరాబాదులో యాప్‌ల వేధింపులకు పోయిన ప్రాణాలు మనమింకా మరచిపోలేదు.

"పోలీసులు బయలుదేరారు" అన్న బెదిరింపుకు మన ఇళ్ళలో తెలియని భయం ఉన్నది. కిస్తీ కట్టలేకపోవడం సివిల్ తగాదా, నేరం కాదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి: ఇచ్చిన చెక్కు చెల్లకపోతే క్రిమినల్ కేసు కావచ్చు. కాబట్టి కోర్టు సమన్లు వస్తే దాచిపెట్టకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకుపోవాలి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

ఆ సోదరి చేత ఒక నోటుబుక్కులో ప్రతి కాల్ నంబరు, వేళ, అన్న మాటలు రాయించాము. ఆ జాబితా జతచేసి సంస్థ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపాము. కిస్తీలో ఎంత కట్టగలదో కూడా అందులోనే రాశాము. ఆ ఒక్క వాక్యానికి బలం ఎక్కువ. ముప్పై రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చినది సరిగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. 14448 నంబరులో వివరాలు చెబుతారు. మాకు అంతదూరం పోవలసిన పని పడలేదు. వియ్యాలవారికి ఫోన్లు ఆగాయి. ఆమెకు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి, పగటివేళ, ఒకటో రెండో. అప్పు ఇంకా మిగిలే ఉన్నది, కొంచెం కొంచెంగా కడుతున్నది.

మనవాళ్ళు అసలు ఈ సంస్థల గడప ఎందుకు ఎక్కుతున్నారని అడిగేవారు 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూడాలి. ముస్లిములు అధికంగా నివసించే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పులివ్వదగని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్నాయని అందులో ఉన్నది.

బ్యాంకుల సంగతి సరే, మన సంగతేమిటి? ఈ సోదరి విషయం చెప్పినప్పుడు మా మస్జిద్ కమిటీలో ఒక పెద్దమనిషి "అప్పు ఎవరు చేయమన్నారు?" అన్నారు. దివ్యఖుర్‌ఆన్ తౌబా సూరాలో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. రుణగ్రస్తులు వారిలో ఒకరు. బఖరా సూరాలో, ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు కలిగేదాకా గడువు ఇమ్మన్నది. మన జకాత్ జాబితాలలో వితంతువులు, మదరసాలు ఉంటాయి, ఉండాలి కూడా. అప్పులో కూరుకుపోయిన ఆటో డ్రైవరు పేరు ఏ జాబితాలోనూ మాకు కనిపించలేదు. వడ్డీ భాగం విషయంలో ఉలమాలను సంప్రదించవలసిందే. కానీ ఆ ప్రశ్న అడగడానికైనా ముందు పేరు జాబితాలోకి రావాలి కదా.

మా కమిటీ షాబాన్ నెలలో మళ్ళీ కూర్చుంటున్నది. పేటలోని బాకీదారుల వివరాలు గుట్టుగా సేకరించే పని ఇద్దరు యువకులు తీసుకున్నారు. మీ మస్జిదులలో ఇటువంటి ఏర్పాటు ఏదైనా ఉంటే, అది ఎలా నడుస్తున్నదో మాకు రాయండి. వచ్చే సంచికలో ప్రచురిస్తాము.