భూకంపాల ముసురు

జోస్యానికి గిరాకీ మన దేశంలోనే ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. శాస్త్రంలో అంత ముందున్న జపానులో 2025 వేసవిలో ఏం జరిగిందో వినండి. టాట్సుకి ర్యో అనే బొమ్మల కథల రచయిత్రి తనకు వచ్చిన కలలను 1999లో పుస్తకంగా అచ్చు వేయించింది. దాని అట్టమీద 2011 మార్చిలో మహావిపత్తు అని ఉంది. సరిగ్గా ఆ నెలలోనే తూర్పు జపానును భూకంపమూ, సునామీ ముంచెత్తాయి. ఇంకేం కావాలి? 2021లో ఆ పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు 2025 జులై మాట అందులో చేరింది. జనం నోట పడేసరికి జులై 5 అని ముహూర్తమే ఖాయమైపోయింది. ఎందరో ప్రయాణాలు మానుకున్నారు. హాంగ్‌కాంగ్ నుంచి వెళ్ళే విమానాలు కొన్నింటిని తగ్గించవలసి వచ్చింది.

మనం నవ్వనక్కరలేదు లెండి. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అనగానే ప్రళయం తప్పదని దేశమంతటా హోమాలు చేయించిన వాళ్ళమే మనం. ఆ రోజుల్లో మా ఊళ్ళో బాకీలు వసూలు కాలేదని మా తాతగారు చెప్పేవారు. లోకమే మునిగిపోతుంటే అప్పు తీర్చి ఏం లాభమని కాబోలు!

అయితే జపానులో పుకారుకు భూమి కూడా తోడు వచ్చింది. క్యుషుకు దక్షిణంగా, సముద్రం మధ్య, టొకారా దీవులని ఉన్నాయి. వాటిలో అకుసెకి అనే చిన్న దీవి ఉంది. జనం వందమంది లోపే. ఆ ఏడాది జూన్ 21 నుంచి అక్కడ నేల అదరడం మొదలుపెట్టింది. రెండు వారాలు తిరిగేసరికి మనిషికి తెలిసేటంత అదురు వెయ్యిసార్లు దాటింది. జులై 3న వచ్చినది 5.5 పరిమాణం గలది. ఆ దీవిలో మనిషి నిలబడడమే కష్టమైంది. ఇళ్ళు కూలలేదు గాని, నిద్ర కరువైంది. కన్ను మూతపడేసరికి మంచం కదులుతుంది. ఇప్పుడు ఆగిందా, ఇంకోటి వస్తుందా అని చెవులు రిక్కించుకుని ఎన్ని రాత్రులు గడపగలరు? చివరకు చాలామంది ఓడ ఎక్కి కగోషిమాకు వెళ్ళిపోయారు.

జులై 5 వచ్చింది. తెల్లవారింది. పొద్దుగూకింది. ప్రళయం రాలేదు.

ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి భూకంపాలకు తేనెటీగల గుంపు పేరు పెట్టారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు మన ‘ముసురు’ అనే మాట ఇంకా బాగా అతుకుతుందనిపిస్తుంది. ఈగలు ముసురుతాయి, వాన ముసురు పడుతుంది. కుండపోతగా కురిసి వెలవదు, తెరిపీ ఇవ్వదు. మామూలు భూకంపానికి ఒక పెద్ద అదురు ఉంటుంది, దాని వెనక చిన్నవి వస్తాయి. పెళ్ళికొడుకు, వెనక పెళ్ళివారూ అన్నమాట. ముసురు పెళ్ళికొడుకు లేని ఊరేగింపు. ఇంచుమించు అందరూ ఒక్క ఎత్తువాళ్ళే.

ఇలా ఎందుకవుతుంది? సముద్రం అడుగున భూమి పైపొర పెద్ద పెద్ద ఫలకాలుగా ఉంది. టొకారా ప్రాంతంలో ఫిలిప్పీన్ సముద్ర ఫలకం పక్క ఫలకం కిందికి దూరుతున్నది. వేగం ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు, మన గోరు పెరిగినంత. పై ఫలకంలో అగ్నిపర్వతాల వరుస, పగుళ్ళు ఉన్నాయి. లోతున ఉన్న వేడినీరో, కరిగిన రాయో ఆ పగుళ్ళలోకి జొరబడితే ఒకటొకటే జారుతుంది. కొన్నిచోట్ల రెండు ఫలకాలు చప్పుడు లేకుండా, రోజుల తరబడి మెల్లగా జారడం వల్ల కూడా ముసురు పడుతుంది.

‘చిన్నవి చాలా వస్తే లోపలి ఒత్తిడి తీరిపోతుంది, మంచిదే కదండీ’ అని మా క్లాసులో ఒక కుర్రవాడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. కాని లెక్క ఒప్పుకోదు. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లవుతుంది. 8.8 పరిమాణం గల ఒక్క భూకంపపు శక్తి తీరాలంటే 5.5వి సుమారు 90 వేలు రావాలి. చిల్లర డబ్బులతో అంత అప్పు తీరదు.

పోనీ, ముసురు పడితే పెద్దది వస్తుందనుకోవచ్చునా? 2005 జనవరి చివర మన నికోబారు దీవులకు తూర్పున అండమాన్ సముద్రంలో అయిదారు రోజుల్లో 5కు పైబడినవే 150 దాటి వచ్చాయి. అక్కడ పెద్దదేమీ రాకుండానే సద్దుమణిగింది. 2014 మార్చిలో చిలీ దేశంలో ఇకీకే రేవు ఎదుట ముసురు పట్టింది. ఏప్రిల్ 1న 8.2 భూకంపం వచ్చింది. రెండూ మొదట్లో ఒక్కలాగే కనిపించాయి. ఏది ఏదో ముందుగా తేల్చగల శాస్త్రజ్ఞుడు ఈనాటికీ లేడు.

ఆ జులైలోనే, 30వ తేదీన, రష్యాలోని కమ్చాట్కా దగ్గర 8.8 భూకంపం వచ్చింది. పదిరోజుల ముందు అక్కడే 7.4 వచ్చింది. అదే ముందస్తు సూచన అని అప్పుడెవరికీ తెలియదు. జోస్యం నమ్మినవాళ్ళు మాత్రం ‘చూశారా!’ అన్నారు. 25 రోజులు, మూడువేల కిలోమీటర్లకు పైగా తేడా వాళ్ళకు లెక్కలోకి రాలేదు.

నన్ను కదిలించినది వేరొకటి. ఆ ప్రాంతంలో సెవెరో కురిల్స్క్ అనే ఊరుంది. 1952 నవంబరులో అదే సముద్రంలో 9.0 భూకంపం వచ్చినప్పుడు జనం గుట్ట ఎక్కారు. మొదటి అల తగ్గగానే ఇల్లూ వాకిలీ చూసుకుందామని దిగి వచ్చారు. రెండో అల అంతకంటె పెద్దది. రెండువేల మందికి పైగా పోయారు. తరువాత ఊరిని ఎత్తున కట్టుకున్నారు. 2025లో మళ్ళీ అల వచ్చి రేవు మునిగింది. జనం అప్పటికే గుట్టమీద ఉన్నారు. అందరూ బతికారు. వాళ్ళకు తేదీ ఎవరూ చెప్పలేదు. గుట్టకు దారి తెలుసు, ఎప్పుడు దిగకూడదో తెలుసు.

ఇది ఎక్కడో ఉత్తరాది సముద్రం కథ అనుకోకండి. 2004 డిసెంబరు 26న, పౌర్ణమి నాడు, సుమత్రా దగ్గర బయలుదేరిన అల రెండు మూడు గంటల్లో మన కోస్తాను తాకింది. సముద్రస్నానాలకు వెళ్ళినవాళ్ళూ తీరంలో ఉన్నారు. ఆంధ్రదేశంలో వందమందికి పైగా చనిపోయారు. ఆ గంటల్లో కబురు అందించే ఏర్పాటు మనకు లేకపోయింది. 2007 నుంచి ఆ పని హైదరాబాదులోని కేంద్రం చేస్తున్నది. సముద్రం కంటికి కనపడని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని కాపలా కాస్తున్నారు!

అంత దూరపు అదురు మన కాళ్ళకింద తెలియకపోవచ్చు. కనుక తీరంలో ఉన్నవారు హెచ్చరిక వినగానే కదలాలి. సముద్రం వెనక్కి తగ్గితే వింత చూడబోకూడదు. ఒక అల వెళ్ళిందని దిగి రాకూడదు. ఇంట్లో పిల్లలకు ఎత్తైన చోటికి దారి ఏదో ఒకసారి నడిపించి చూపండి. పంచాంగం చూసి మంచిరోజు పెట్టుకోనవసరం లేదు, ఈ ఆదివారం చాలు.