తారకాంకిత రూపాలు, మన అరసున్న

మూలద్రావిడ రూపాలకు ముందుంచే నక్షత్రపు గుర్తును చూచి, 'ఎవరూ పలికినట్లు సాక్ష్యం లేని, ఎక్కడా వ్రాయని భాష ఇది. ఊహామాత్రం' అని తేల్చివేసే పండితులు మనలో ఇంకను ఉన్నారు. శబ్దప్రమాణానికి అలవాటుపడినవారికి ఈ సంశయం సహజమే. కాని న్యాయశాస్త్రం చదివినవారు అనుమానాన్ని ఊహ అనరు. వ్యాప్తి సిద్ధించిన చోట, పర్వతం మీది నిప్పును కంటితో చూడకయే ఒప్పుకొంటున్నాము. తులనాత్మక భాషాశాస్త్రంలో ఆ వ్యాప్తి, ధ్వనుల నడుమ కనిపించే నియతమైన సంవాదమే. రెండు పదాలు ఒకే తీరున వినిపించడం హేత్వాభాసం కావచ్చును. ఒకే భేదం అనేక పదాలలో క్రమం తప్పక కనిపించడం హేతువు.

తమిళంలో 'ఆఱు' అంటే నదియును, ఆరు అనే సంఖ్యయును. తెలుగులో నది 'ఏఱు', సంఖ్య 'ఆఱు'. ఈ భేదం తెలుగువారు కల్పించుకొన్నదా, తమిళులు పోగొట్టుకొన్నదా? ప్రాచీన తమిళం నదిని 'యాఱు' అన్నది. అక్కడి యానై మనకు ఏనుఁగు, యాండు మనకు ఏఁడు, యాన్ మనకు ఏను. పదాదిని 'యా' ఉన్నచోట తెలుగున 'ఏ' రావడం ఇట్లు నియతం. కనుక నదీవాచకం మొదట యకారం ఉండినది. సంఖ్యావాచకం మొదట అది లేదు. పోనీ, సంఖ్యావాచకం అచ్చుతోనే మొదలయినదా? దీనికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసినా సమాధానం చెప్పలేవు. గోండీ చెప్పుతుంది. అక్కడ ఆరు 'సారుంగ్'. ఈ ఒక్క పదమే ఆధారమైతే ఆ సకారం ఆగంతుకమని త్రోసివేయవచ్చును. కాని మన 'ఇచ్చు' క్రియకు మూలమైన ఈ- ధాతువు గోండీలో సీ-. మన ఉప్పు అక్కడ సొవర్. అందువల్లనే ఆరు అనే పదానికి 'చాఱు' వంటి మూలరూపాన్ని పునర్నిర్మించి, దానికి నక్షత్రాన్ని తగిలించినారు. ఆ చకారాన్ని నాటివారు సరిగా ఎట్లు ఉచ్చరించినారో ఈ పద్ధతి చెప్పదు. అక్కడ ఒక హల్లు ఉండినదని మాత్రం గట్టిగా చెప్పుతుంది.

అనుమానానికి తరువాత ప్రత్యక్షం తోడయిన సందర్భమూ ఉన్నది. సంస్కృత గ్రీకాది భాషలను పోల్చి, ఏ భాషలోనూ మిగలని కొన్ని ధ్వనులు మూలభాషలో ఉండి తీరవలెనని సొస్యూర్ 1879లో ప్రతిపాదించినాడు. మట్టిపలకల మీది హిట్టైటు భాషను చదివిన తరువాత, వాటిలో కొన్నింటి స్థానాలలో హకారం వంటి హల్లు కనిపిస్తున్నదని 1927లో కురిలోవిచ్ చూపినాడు.

'పాశ్చాత్యుల శాస్త్రం మనకేల' అనే మాటకు విలువ తక్కువ. ద్రావిడ భాషల స్వతంత్ర కుటుంబత్వాన్ని ఎల్లిస్ 1816లో, కాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో నిరూపించినప్పుడు, ఆయన ఆధారపడిన సామగ్రిలో పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతుపట్టిక ఒకటి.

నా అసలు విచారం వేరు. అరసున్నను, శకటరేఫను కావ్యపరిష్కర్తలకు తప్ప పనికిరాని పాతసరుకుగా మన తరగతులలోనే చూస్తున్నారు. నేటి అచ్చులో సంవత్సరమూ 'ఏడే', సంఖ్యయూ 'ఏడే'. సంవత్సరవాచకంలోని అరసున్న యాండులోని అనునాసికానికి గుర్తు. తమిళంలో 'ఏఴు' అయిన సంఖ్యకు అనునాసికం లేదు, కనుక మనకు అరసున్నయూ లేదు. 'వాఁడు'లోని అరసున్న వ్యాకర్తల వేడుక కాదనడానికి అరకు ప్రాంతపు కోండ భాష సాక్షి: అక్కడ ఆ పదం 'వాన్ఱు', నకారం స్పష్టంగా వినిపిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ భాషకు వ్యాకరణం ప్రకటించి (1969) అర్ధశతాబ్ది దాటినది.

వార్తాపత్రికలు అరసున్నను మళ్ళీ అచ్చు వేయవలెనని నేననను. వ్యవహారం దాని దారిన అది పోయినది. ప్రాచ్యకళాశాల తరగతి గది సంగతి వేరు. ఉభయభాషలూ, పాణినీయమూ, న్యాయపరిభాషా ఎరిగిన విద్యార్థికి ఈ పద్ధతి పట్టుబడినంత త్వరగా మరొకరికి పట్టుబడదని నా నమ్మకం. అరసున్న సూత్రం చెప్పిన రోజుననే 'వాన్ఱు' రూపాన్ని, ఆఱు చెప్పినప్పుడు 'సారుంగ్' రూపాన్ని నల్లబల్ల మీద వ్రాయడానికి పాఠ్యప్రణాళిక మారనక్కరలేదు, అదనపు గంటయూ అక్కరలేదు.