పల్లెలు మునిగాయి, పాట తేలింది



ఈ వారం ఒక రాక్ బ్యాండ్ గురించి రాస్తున్నాను. అన్నకు ఇదేం పని అనుకోకండి. చివరిదాకా చదవండి, విషయం మనదే.

ఇండియన్ ఓషన్ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1990లో ఢిల్లీలో మొదలైన బ్యాండ్. జానపదాన్ని, రాక్‌ను, తబలాను, గిటార్‌ను కలిపి వాయిస్తారు. 2000లో వచ్చిన వాళ్ల 'కందీసా' ఆల్బంను నేను హైదరాబాద్‌లో హాస్టల్ రోజుల్లో ఒక సీనియర్ గదిలో విన్నాను. ఒక్క స్పీకర్, చుట్టూ ఎనిమిది మందిమి. 'మా రేవా' వచ్చినప్పుడు భాష తెలియకపోయినా ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత బ్యాండ్ చాలా చూసింది. 2009లో అషీమ్ చక్రవర్తి చనిపోయాడు. తబలా, గొంతు రెండూ ఆయనవే. 2013లో గిటారిస్ట్ సుష్మిత్ సేన్ బయటికెళ్లాడు. ఇక అయిపోయింది అనుకున్నవాళ్లున్నారు. 2014లో 'తందాను' వచ్చింది. మళ్లీ తొమ్మిదేళ్లకు, 2023లో, 'తూ హై' వచ్చింది. ముప్పై సెకన్ల రీల్ కోసం పాటలు పుడుతున్న కాలంలో, ముప్పై ఏళ్లు దాటిన బ్యాండ్ కూర్చొని పూర్తి ఆల్బం చేయడం చిన్న విషయం కాదు. '16/330 ఖజూర్ రోడ్' పాటల్ని నెట్‌లో ఉచితంగా జనానికి ఇచ్చింది కూడా వీళ్లే. కాబట్టి ముందు అభినందన. తర్వాతే ప్రశ్న.

పాట స్టూడియో లోపలికి వస్తుంది. ఆ పాటను ఇన్ని తరాలు మోసుకొచ్చిన మనుషులు ఎక్కడుంటారు?

'మా రేవా'నే తీసుకోండి. అది నర్మదా లోయ పాట. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ 1990ల మొదట్లో నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. పాటను ఏ పుస్తకంలోంచో ఏరుకురాలేదు, ఆ జనం మధ్య ఉన్నాడు. ఆ తేడాను నేను గౌరవిస్తాను. కానీ లోయకు ఏమైంది? సర్దార్ సరోవర్ డ్యామ్‌ను 2017లో ప్రారంభించారు. ఎన్నో ఆదివాసీ గూడేలు, రైతుల ఊళ్లు, జాలరుల బతుకులు నీళ్లలో కలిసిపోయాయి. పల్లెలు మునిగాయి, పాట తేలింది. ఇవాళ ఆ పాటకు చప్పట్లు కొట్టే మనలో ఎంతమందికి ఆ లోయలో మునిగిన ఒక్క ఊరి పేరు తెలుసు? నాకు కూడా చాలాకాలం తెలియదు. ఇది ఒక బ్యాండ్ చేసిన తప్పు అనడం లేదు. పద్ధతే ఇలా ఉంది అంటున్నాను.

ఈ పద్ధతి మనకేం కొత్త కాదు. మా తాత డప్పు కొట్టేవాడు. జాతరలో ఆ డప్పు మోగకపోతే అమ్మవారు కదిలేది కాదు. కానీ తాత గుడి మెట్టెక్కకూడదు. శబ్దం కావాలి, మనిషి వద్దు. స్టూడియోకు ఏసీ పెట్టినా, అద్దాలు బిగించినా చాలాచోట్ల గడప మాత్రం ఆ పాతదే.

మా నాయనమ్మ సంగతి చెప్తాను. నాట్లప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే మడిలో ఇరవై మంది అందుకునేవాళ్లు. కొన్నేళ్ల కింద పట్నం నుంచి ఒకాయన వచ్చి ఆమె పాటలు రికార్డ్ చేసుకుపోయాడు. తర్వాత మా ఊరి పిల్లలు యూట్యూబ్‌లో కనిపెట్టారు. మొదట ఆమె గొంతు, దాని మీద గిటార్. కింద సేకరణ ఆయనది, సంగీతం ఆయనది. నాయనమ్మ ఉండాల్సిన చోట ఒకటే మాట: 'జానపదం'. ఫోన్ ఆమె చెవి దగ్గర పెడితే విని, "ఇది నా గొంతే కదరా, మరి నా పేరేది?" అంది.

ఆమెకు చదువు రాదు. కానీ చట్టం అడగమన్న ప్రశ్నే అడిగింది. తరతరాలుగా వస్తున్న పాట మీద సాధారణంగా ఎవరికీ కాపీరైట్ ఉండదు, నిజమే. కానీ పాడిన మనిషికి హక్కుంది. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 38 చూడండి, అది ప్రదర్శకుల హక్కు. యాభై ఏళ్లు ఉంటుంది. 2012 సవరణలో 38బి చేరింది. ఇది పాడింది నేనే, నా పేరు వేయండి అని అడిగే హక్కు అది. 'జానపదం' అన్న మాట పాటకు సరిపోతుంది. గొంతుకు సరిపోదు. గొంతు ఒక మనిషిది.

'తూ హై'లో 'ఇస్ తన్ ధన్' అని కబీర్ పాట ఉంది. 2003 నాటి 'ఝీనీ'లోనూ కబీరే. ఐదు వందల ఏళ్లు దాటినా, ఎవరు పాడినా, ఆ నేతగాడి పేరు ఎందుకు చెరిగిపోలేదు? పేరు పాట లోపలే ఉంది కాబట్టి. వేమన మకుటం కూడా అంతే. పేరు పీకేస్తే పద్యం విరిగిపోతుంది. మన అమ్మలు అలా పేరు పెట్టుకోలేదు. వాళ్లు పాడింది నడుం నొప్పి మర్చిపోవడానికి. అంతమాత్రాన ఆ పాట అనాథ అయిపోదు.

కాబట్టి బ్యాండ్‌లకు, సినిమావాళ్లకు, ఛానళ్లకు మనం అడగాల్సింది మూడు. పాడిన మనిషి పేరు, ఊరు వేయండి. వచ్చిన డబ్బులో వాటా ఇవ్వండి. తర్వాతి ఆల్బంలో ఆ మనిషినే మైకు ముందు నిలబెట్టండి. జానపదం మీద బతుకుతున్న ప్రతి సీనియర్ బ్యాండ్‌కూ కొత్తదనం అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

మనకూ ఒక పని ఉంది తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. సెలవులకు ఊరెళ్తారు కదా. అమ్మమ్మ, నాయనమ్మ పాటలు రికార్డ్ చేయండి. బటన్ నొక్కగానే ముందు పేరు, ఊరు ఆమె నోటితోనే చెప్పించండి. తర్వాతే పాట.

మా నాయనమ్మ పేరు నేను ఇక్కడ రాయలేదు, గమనించారా? ఆ పేరు ఉండాల్సింది నా పోస్టులో కాదు, ఆ ఆల్బం మీద. అది పడేదాకా అడుగుతూనే ఉంటాం.

జై భీమ్.