గంపగుత్తగా ఇచ్చేది సమ్మతి కాదు

2025 అక్టోబరు 7న అమెరికా సెనేట్ ఒకే ఒక్క ఓటింగుతో 107 మంది నియామకాలను ఆమోదించింది. అనుకూలంగా 51 ఓట్లు, వ్యతిరేకంగా 47. భారత్‌కు రాయబారిగా అధ్యక్షుడు ట్రంప్ ఎంపిక చేసిన సెర్గియో గోర్ పేరు ఆ జాబితాలోనే ఉంది. బహమాస్‌కు రాయబారిగా ఎంపికైన మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు హెర్షెల్ వాకర్ పేరూ అందులోనే ఉంది. గోర్ ఎంపికను ట్రంప్ ప్రకటించింది ఆగస్టు 22న. అంటే ఏడు వారాలైనా గడవకముందే పని పూర్తయింది. అంతకుముందు ఇదే ఢిల్లీ పదవికి ఎంపికైన ఎరిక్ గార్సెటీ అనుభవం దీనికి పూర్తిగా భిన్నం. 2021 జూలైలో బైడెన్ ఆయన పేరు పంపితే, సెనేట్ 52–42 ఓట్లతో ఆమోదించేసరికి 2023 మార్చి 15 వచ్చింది. లాస్ ఏంజెలెస్ మేయర్‌గా ఉన్నప్పుడు తన సన్నిహిత సలహాదారుపై వచ్చిన లైంగిక వేధింపుల ఆరోపణలు గార్సెటీకి తెలుసా, లేదా అన్న ప్రశ్న చుట్టూ నెలలు గడిచిపోయాయి. తెలియదనే ఆయన చెబుతూ వచ్చారు. ఆ లోపు ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం రెండేళ్లకు పైగా తాత్కాలిక బాధ్యుల చేతుల్లోనే నడిచింది. ఒకే పదవి విషయంలో ఒకసారి ఇరవై నెలల నిరీక్షణ, మరోసారి వందకు పైగా పేర్ల మధ్య ఒక పేరు. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి కానీ రెండూ ఒకే లోపం నుంచి పుట్టాయి. అధ్యక్షుడు ఎంచుకున్న మనిషిని విడిగా చూసి, సకాలంలో ఔననో కాదనో చెప్పే బాధ్యతను సెనేట్ వదులుకుంటోంది.

రాయబారులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, ఉన్నతాధికారుల నియామకానికి సెనేట్ సమ్మతి తప్పనిసరి అని 1787 నాటి రాజ్యాంగం రెండో అధికరణంలో రాసుకున్నారు. ఎంపిక ఒక్కడి చేతిలో ఉండాలి, అప్పుడే జవాబుదారీ ఎవరో తెలుస్తుంది. కానీ ఆ ఎంపికను పదిమంది చూస్తారన్న జంకు ఉండాలి, అప్పుడే బంధుప్రీతికీ ఆశ్రిత పక్షపాతానికీ అడ్డుకట్ట పడుతుంది. ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో అలెగ్జాండర్ హామిల్టన్ చేసిన వాదన సారాంశం ఇదే. తిరస్కరణలు తరచూ జరుగుతాయని ఆయన అనుకోలేదు. తిరస్కరిస్తారేమోనన్న భయమే పని చేస్తుందని అనుకున్నారు. చరిత్ర ఆయన మాటనే నిజం చేసింది. 1789లోనే జార్జ్ వాషింగ్టన్ అంతటివాడు సవానా రేవు అధికారి పదవికి పంపిన బెంజమిన్ ఫిష్‌బోర్న్ పేరును సెనేట్ తోసిపుచ్చిన మాట నిజమే. అయితే ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా సాగిన చరిత్రలో సభలో ఓటింగు జరిగి ఓడిపోయిన కేబినెట్ నామినీలు పట్టుమని పదిమంది లేరు. చివరి వ్యక్తి 1989లో రక్షణ మంత్రి పదవికి ఎంపికైన జాన్ టవర్. ఆయనకు 47 ఓట్లు పడితే వ్యతిరేకంగా 53 పడ్డాయి.

ఓడినవాళ్లు ఇంత తక్కువ కాబట్టి ఈ తతంగమంతా దండగ అనేవారున్నారు. వారు ఓటింగుకు ముందే ఏం జరుగుతోందో చూడాలి. 2024 నవంబరులో అటార్నీ జనరల్ పదవికి ట్రంప్ ప్రకటించిన మాట్ గేట్జ్, సొంత పార్టీ సెనేటర్లలోనే చాలినంత మద్దతు లేదని తేలడంతో ఎనిమిది రోజులకే తప్పుకున్నారు. 2025 మే నెలలో వాషింగ్టన్ ఫెడరల్ ప్రాసిక్యూటర్ పదవికి ఎంపికైన ఎడ్ మార్టిన్‌కు రిపబ్లికన్ సెనేటర్ థామ్ టిల్లిస్ ఒక్కరు అడ్డు చెప్పడంతో ఆ నామినేషన్ ముందుకు కదల్లేదు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వోద్యోగుల ఫిర్యాదులను విచారించే ప్రత్యేక కార్యాలయానికి అధిపతిగా ఎంపికైన పాల్ ఇంగ్రాసియా కూడా, ఆయన పంపినవిగా చెబుతున్న జాత్యహంకార సందేశాలు బయటపడ్డాక వైదొలిగారు. రిపబ్లికన్లకు 53 స్థానాల స్పష్టమైన ఆధిక్యం ఉన్న సభ అది. అధ్యక్షుడి మాటకు ఎదురు చెప్పడమంటే సొంత నియోజకవర్గంలోనే ముప్పు తెచ్చుకోవడమైన రోజులవి. అయినా ఈ ముగ్గురి విషయంలో వ్యవస్థ పని చేసింది. ప్రశ్న ఒక పేరు చుట్టూ, ఒక మనిషి చరిత్ర చుట్టూ తిరిగింది కాబట్టే అది సాధ్యమైంది. గార్సెటీ ఓటింగులోనూ అదే కనిపిస్తుంది. సొంత పార్టీ డెమోక్రాట్లలో కొందరు ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు, రిపబ్లికన్లలో కొందరు అనుకూలంగా వేశారు. పార్టీ గీతలు దాటే వీలు విడి ఓటింగులోనే ఉంటుంది. 107 పేర్లున్న తీర్మానంలో ఒక పేరు నచ్చని సెనేటర్ ఏం చేయాలి? మిగతా 106 మందినీ కాదనాలి, లేదా ఆ ఒక్కరినీ దిగమింగాలి.

ఈ పరిస్థితికి ఒక్క పార్టీనే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. సెనేట్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పేర్లు నిమిషాల్లో ఆమోదం పొందుతాయి. ఒక్కరు అడ్డం తిరిగితే చాలు, ఒక్కో పేరుకూ చర్చ ముగింపు తీర్మానం పెట్టాలి, దానికి ఒక రోజు ఆగాలి, ఆ తీర్మానంపై ఓటేయాలి, నిర్ణీత గంటలు గడవాలి, అప్పుడు అసలు ఓటు. సభా సమయం పరిమితం, పదవులు దాదాపు 1,300. ఈ లెక్క తెలిసిన ప్రతి సెనేటరూ ఏదో ఒకనాడు దాన్ని ఆయుధం చేసుకున్నవారే. కర్ణాటక మూలాలున్న డాక్టర్ వివేక్ మూర్తిని సర్జన్ జనరల్‌గా ఒబామా 2013 నవంబరులో ఎంపిక చేస్తే, తుపాకుల హింస ప్రజారోగ్య సమస్య అన్నందుకు తుపాకుల లాబీ పట్టుబట్టి ఆయన్ను ఏడాదికి పైగా నిలిపివేయించింది. ఎబోలా భయం దేశాన్ని పట్టి కుదిపిన 2014 శరదృతువులో అమెరికాకు పూర్తిస్థాయి సర్జన్ జనరల్ లేరు. 2023లో అలబామా సెనేటర్ టామీ ట్యూబర్‌విల్ గర్భస్రావానికి వెళ్లే సైనికుల ప్రయాణ ఖర్చుల విధానంపై కోపంతో నాలుగు వందలకు పైగా సైనికాధికారుల పదోన్నతులను నెలల తరబడి ఆపేశారు. ఆ అధికారులకూ ఆ విధానానికీ ఏ సంబంధమూ లేదు. మెరైన్ దళానికి సెనేట్ ఆమోదించిన అధిపతి లేకుండా పోవడం నూటయాభై ఏళ్లలో అదే మొదటిసారి.

అడ్డంకి పెరిగినకొద్దీ అధికార పక్షం నిబంధనలను విరగ్గొడుతూ వచ్చింది. 2013 నవంబరులో హ్యారీ రీడ్ నాయకత్వంలోని డెమోక్రాట్లు, సుప్రీంకోర్టు మినహా మిగతా నామినేషన్లపై చర్చ ముగించడానికి అరవై ఓట్లు కావాలన్న నియమాన్ని సాధారణ ఆధిక్యానికి దించారు. 2017లో రిపబ్లికన్ నేత మిచ్ మెక్‌కానెల్ ఆ మినహాయింపునూ తీసేసి నీల్ గోర్సచ్‌ను సుప్రీంకోర్టుకు పంపారు. అంతకు ముందటి ఏడాది అదే కోర్టుకు ఒబామా పంపిన మెరిక్ గార్లండ్ నామినేషన్‌ను ఒక్క విచారణ కూడా జరపకుండా చివరిదాకా తొక్కిపెట్టినదీ ఆయనే. 2019లో దిగువ స్థాయి నామినేషన్లపై చర్చ గడువును ముప్పై గంటల నుంచి రెండు గంటలకు కుదించారు. 2025లో మైనారిటీలో ఉన్న డెమోక్రాట్లు చిన్నాపెద్దా తేడా లేకుండా దాదాపు ప్రతి పేరుకూ పూర్తి తంతు జరగాల్సిందేనన్నారు. దానికి జవాబుగా సెప్టెంబరులో రిపబ్లికన్లు నిబంధన మార్చి మొదట 48 మందిని, తర్వాత 107 మందిని గంపగుత్తగా ఆమోదించారు. ఒకరు చేసిన తప్పు మరొకరికి సాకుగా మారుతూ పన్నెండేళ్లలో ఇక్కడిదాకా వచ్చింది.

రిపబ్లికన్ల వాదనలో పస లేకపోలేదు. విదేశాంగ శాఖలోని ఒక సహాయ కార్యదర్శి కోసం సభ సమయమంతా ధారపోయడం అర్థం లేని పని. కేబినెట్ మంత్రులను, న్యాయమూర్తులను ఈ కొత్త పద్ధతి నుంచి మినహాయించారన్నదీ నిజమే. ఆ 107 మంది పేర్లనూ సంబంధిత కమిటీలు ముందే పరిశీలించి పంపాయి కదా అన్న మాటా ఉంది. కానీ కమిటీలో కూర్చునేది ఇరవై మందో, కాస్త ఎక్కువో. రాజ్యాంగం అడిగింది కమిటీ సమ్మతి కాదు, సభ సమ్మతి. పేరు ప్రకటించిన నాటికీ సభలో ఓటుకూ మధ్య గడిచే రోజుల్లోనే పత్రికలు తవ్వుతాయి, పాత సహోద్యోగులు నోరు విప్పుతారు. ఇంగ్రాసియా విషయం బయటపడింది విచారణ గదిలో కాదు. పేరు మూటలోకి వెళ్లాక అలాంటి విషయం బయటపడినా, దాన్ని పట్టుకుని నిలబడే ఓటు ఎవరి దగ్గరా ఉండదు. రాయబారి పదవి ఏమంత చిన్నదీ కాదు. సుంకాల గొడవతో ఢిల్లీ–వాషింగ్టన్ సంబంధాలు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత దెబ్బతిన్న సమయంలో, దక్షిణ, మధ్య ఆసియాకు ప్రత్యేక దూత బాధ్యతనూ కలిపి మోయబోయే వ్యక్తికి ఒక విడి ఓటు దక్కలేదు. హెచ్1బీ వీసా నుంచి సుంకాల దాకా ఆ రాయబారి కార్యాలయం తలుపు తట్టే సమస్యలు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ లక్షల ఇళ్లను తాకుతాయి.

సెనేట్ పని చేయకపోతే అధ్యక్షులు దాన్ని దాటిపోయే దారులు వెతుక్కుంటారు. ఇదే అసలు ప్రమాదం. తుపాకులు, పేలుడు పదార్థాల నియంత్రణ చూసే ఏటీఎఫ్ సంస్థనే తీసుకోండి. దాని డైరెక్టర్‌కు సెనేట్ ఆమోదం కావాలని 2006లో చట్టం చేశారు. ఆ తర్వాతి పద్దెనిమిదేళ్లలో ఆమోదం పొందినవారు ఇద్దరే, 2013లో టాడ్ జోన్స్, 2022లో స్టీవ్ డెటెల్‌బాక్. మిగతా కాలమంతా తాత్కాలికులే. తాత్కాలిక బాధ్యుణ్ని అధ్యక్షుడు ఎప్పుడైనా తీసేయొచ్చు, అతనికి సభ ముందు నిలబడిన బలమూ లేదు, సభకు మాటిచ్చిన బాధ్యతా లేదు. 2020లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ తాత్కాలిక అధిపతి చాడ్ వుల్ఫ్ నియామకమే చెల్లదని కాంగ్రెస్‌కు చెందిన ఆడిట్ సంస్థ తేల్చింది. 2025లో న్యూజెర్సీ ప్రాసిక్యూటర్‌గా అలీనా హబ్బా కొనసాగడం చట్టవిరుద్ధమని కోర్టులు చెప్పాయి. నవంబరులో వర్జీనియాలో ప్రాసిక్యూటర్‌గా లిండ్సీ హాలిగన్ నియామకం చెల్లదంటూ, ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ జేమ్స్ కోమీపై ఆమె తెచ్చిన కేసునే జడ్జి కొట్టేశారు. ఆ కేసులో బలముందో లేదో తేలే అవకాశమే లేకపోయింది. అడ్డదారిన వచ్చిన అధికారి సంతకానికి విలువ ఉండదని ప్రభుత్వం అలా తెలుసుకోవాల్సి వచ్చింది.

ప్రజలెన్నుకున్న అధ్యక్షుడికి తన జట్టును తాను ఎంచుకునే హక్కు ఉండొద్దా అని మరికొందరు అడుగుతారు. ఉండాలి, ఉంది కూడా. పేరు పంపేది ఆయనే, సెనేట్ తనకు నచ్చిన మరో పేరు పెట్టలేదు. ఈ పద్ధతిపై గట్టి అభ్యంతరం మన రాజ్యాంగ సభలోనే వినిపించింది. 1949 మే 24న న్యాయమూర్తుల నియామకాలపై మాట్లాడుతూ అంబేద్కర్ అమెరికా విధానాన్ని వద్దన్నారు. ప్రతి నియామకానికీ ఎగువ సభ ఆమోదం కావాలంటే పని సాగదనీ, రాజకీయ ఒత్తిళ్లకు చోటిస్తుందనీ ఆయన ఆందోళన. నేటి సెనేట్‌ను చూస్తే ఆ ఆందోళన అక్షరాలా నిజమైంది. అయితే మూడు వారాల తర్వాత, ఎన్నికల కమిషనర్ నియామకంపై చర్చలో అదే అంబేద్కర్, ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండేవాడు ఆ కుర్చీలోకి రాకుండా ఆపే ఏర్పాటు లేకపోతే పదవీకాల రక్షణ ఇచ్చి ఏం లాభమన్న ప్రశ్ననూ ఒప్పుకున్నారు. ఆ ప్రశ్నకు మనం ఇప్పటికీ జవాబు చెప్పలేదు. 2023 డిసెంబరు చట్టం ప్రకారం ఎన్నికల కమిషనర్లను ఎంపిక చేసే ముగ్గురిలో ఇద్దరు ప్రధాని, ఆయన మంత్రి. కార్యనిర్వాహక వర్గాన్ని ఒంటరిగా వదిలేస్తే జరిగేది అదీ. కాబట్టి అంబేద్కర్ చూపిన లోపానికి మందు పరిశీలనను ఎత్తేయడం కాదు, దాన్ని మోయగలిగినంత మేరకు తగ్గించుకోవడం.

దానికి దారి కష్టమైనదేమీ కాదు. 1,300 పదవుల్లో సలహా మండళ్ల సభ్యత్వాలు, శాఖల్లోని కింది స్థాయి రాజకీయ పదవులు చాలానే ఉన్నాయి. వాటిని సెనేట్ జాబితా నుంచి తీసేస్తే అధ్యక్షుడి బాధ్యత మీద అవే నడుస్తాయి. మంత్రులు, న్యాయమూర్తులు, ప్రాసిక్యూటర్లు, నియంత్రణ సంస్థల అధిపతులు, సైన్యాధిపతులు, రాయబారులు, ఇలా ముఖ్యమైన పదవులే మిగులుతాయి. వారిలో ప్రతి ఒక్కరికీ నామినేషన్ అందిన నిర్ణీత గడువులోగా, ఉదాహరణకు నాలుగు నెలల్లో, సభలో విడిగా ఓటింగు జరిగి తీరాలి. ఒక్క సెనేటర్ పట్టుదలతో అది ఆగకూడదు, పార్టీ అవసరం కోసం అది మూటలో కలవకూడదు. గడువు దాటినా పేరు పంపని పదవిలో తాత్కాలికుణ్ని కొనసాగించే వెసులుబాటు అధ్యక్షుడికీ ఉండకూడదు. అప్పుడు జాప్యం చేసే అవకాశం విపక్షానికీ, దాటిపోయే అవకాశం అధికార పక్షానికీ ఒకేసారి పోతాయి. తమకు ఆధిక్యం ఉన్నప్పుడు ఏ పార్టీ దీనికి ఒప్పుకుంటుందన్నది న్యాయమైన సందేహమే. వచ్చే అధ్యక్షుడు ఎవరో తెలియని కాలానికి అమలు తేదీ పెట్టి చట్టం చేస్తే ఆ లెక్క ఇద్దరికీ సమానమవుతుంది. ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఇలాంటి చట్టాన్నే 2012లో రెండు పార్టీలూ కలిసి చేసి, దాదాపు 160 పదవులను సెనేట్ ఆమోదం అవసరం లేనివిగా మార్చాయి. మిగిలిన సగం పనికి సెనేట్ తన నిబంధనల్లో చేసుకునే ఒక్క తీర్మానం చాలు.