బార్బాలు నడిచిన లోయలు



ఇటలీ అనగానే మనకు మొదట జ్ఞాపకము వచ్చేది రోమా. పౌలు పొతియొలీలో ఓడ దిగి, అప్పీయా దారిన ఆ పట్టణము చేరిన సంగతి అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో చదివే ఉంటారు. ఈ నెల మాత్రము అదే దేశపు వాయవ్య మూలనున్న ఒక పల్లెసీమకు మిమ్మల్ని తీసుకొని వెళ్లాలని ఉంది. నేను దానిని కన్నులారా చూడలేదు. సంఘ చరిత్ర చదువుతూ పరిచయము చేసుకొన్నాను.

ట్యూరిన్ నగరమునకు నైరుతిగా సుమారు 50 కిలోమీటర్లు వెళ్తే ఆల్ప్స్ కొండల మధ్య మూడు ఇరుకైన లోయలు వస్తాయి. పెల్లిచె, కిసోనె, జెర్మనాస్కా అనునవి వాటి పేర్లు. కొండ దాటితే ఫ్రాన్సు. దిగువన చెస్ట్‌నట్ చెట్ల తోపులు, ఆ పైన చిన్న చిన్న పొలాలు, ఇంకా పైన వేసవిలో పశువులను మేపే పచ్చిక. ఇండ్ల గోడలే కాదు, పైకప్పులు కూడా రాతి పలకలే. ఒకప్పుడు ఎండబెట్టిన చెస్ట్‌నట్ గింజలే చలికాలములో పేదల ఆహారము. 'సూపా బార్బెట్టా' అనే వంట నేటికీ ఆ సీమకు పేరు. ఎండురొట్టె కడ్డీలను క్యాబేజీ ఆకులతో పొరలుగా పేర్చి, మాంసపు రసము పోసి, సన్నని సెగమీద ఉడికిస్తారు.

ఆ వంట పేరులోనే ఆ ప్రజల చరిత్ర దాగి ఉన్నది. 'బార్బా' అంటే అక్కడి కొండభాషలో బాబాయి లేక మామయ్య. 12వ శతాబ్దములో ఫ్రాన్సులోని లియోను పట్టణములో వాల్డో అనే వర్తకుడు తన ఆస్తిని విడిచిపెట్టి, లేఖన భాగములను సామాన్యుల భాషలోనికి అనువదింపజేసి, ప్రకటించసాగాడు. 1184లో అతని అనుచరులను వెలివేశారు. వారిలో అనేకులు ఈ లోయలలో తలదాచుకొన్నారు. వారే వాల్డెన్షియన్లు. చుట్టుపక్కలవారు యాజకుని 'తండ్రీ' అని పిలిచే కాలములో వీరు తమ బోధకుని 'బాబాయి' అని పిలుచుకొన్నారు. బార్బాలు ఇద్దరిద్దరుగా నడిచేవారు. ఒకడు పెద్దవాడు, మరొకడు పడుచువాడు. అమ్మకపు సరుకుల మూటతో ఊళ్లు తిరుగుతూ, రాత్రివేళ ఇండ్లలో వాక్యము చెప్పేవారు. గ్రంథము దొరికితే ప్రాణాపాయము గనుక లేఖన భాగములను కంఠస్థము చేసేవారు. అంగ్రోన్య లోయ చివర ప్రా దెల్ తోర్నొ అనే పల్లెలో వారు చదువుకొన్నదని చెప్పే రాతి ఇంటిని నేటికీ చూపిస్తారు.

1532లో ఇదే అంగ్రోన్యలో, షాన్‌ఫొరాన్ అనే చోట కూడి, వారు సంస్కరణోద్యమముతో చేతులు కలిపారు. అంతటితో ఆగక, ఫ్రెంచి బైబిలు అనువాదమునకు, అచ్చుకు తమ డబ్బు ఇచ్చారు. అది 1535లో వెలువడినది. గొర్రెలు మేపుకొనేవారి కానుకలతో ఒక జాతికి బైబిలు వచ్చినదంటే సామాన్యమైన సంగతి కాదు.

తరువాతి దినములు కన్నీటి దినములు. 1655 వసంతములో, ఈస్టరు కాలమున, సైన్యము ఈ పల్లెలపై పడి స్త్రీలను, పిల్లలను కూడా చంపినది. ఆంగ్లకవి మిల్టన్ దానిపై పద్యము వ్రాశాడు. 1686లో వేలమందిని చెరసాలలలో వేయగా అనేకులు అక్కడే మరణించారు. మిగిలినవారిని స్విట్జర్లాండుకు వెళ్లగొట్టారు. 1689లో ఆన్రీ ఆర్నో అనే పాస్టరు నాయకత్వములో సుమారు 900 మంది ఆయుధములతో కొండలు దాటి తిరిగి వచ్చారు. కత్తి పట్టిన ఆ పాస్టరును గురించి ఏమి చెప్పవలెనో నాకు నేటికీ తేలలేదు. 1848 ఫిబ్రవరి 17న రాజు వారికి పౌరహక్కులు ఇచ్చాడు. ఏటా ఆ ముందురోజు రాత్రి లోయలంతటా మంటలు వెలిగించి ఆ దినమును జ్ఞాపకము చేసుకొంటారు.

అయితే నన్ను ఎక్కువగా తాకినది యుద్ధము కాదు, బడి. వాటర్లూ యుద్ధములో ఒక కాలు పోగొట్టుకొన్న చార్లెస్ బెక్‌విత్ అనే బ్రిటిషు సైన్యాధికారి 1827లో ఈ లోయలకు వచ్చాడు. ఇక్కడి పేదరికము చూచి, పల్లె పల్లెకు ఒక చిన్న బడి చొప్పున నూటికి పైగా కట్టించాడు. చాలావరకు ఒంటిగది బడులే. పొలముపని లేని చలికాలములో పిల్లలు అక్కడ చదువుకొన్నారు. 1861లో ఇటలీలో నూటికి 70 మందికి పైగా చదువురానివారు. ఈ కొండపల్లెలలో మాత్రము పశువుల కాపరి పిల్లవాడు కూడా బైబిలు తెరచి చదివేవాడు.

ఇంకొక సంగతి. 1630లో తెగులు వచ్చి వారి పాస్టర్లలో చాలామంది చనిపోయారు. వారి స్థానములో జెనీవా నుండి వచ్చినవారికి ఫ్రెంచి మాత్రమే వచ్చును. అప్పటి నుండి ఆరాధన ఫ్రెంచిలోనికి మారినది. ఇంటిలో కొండభాష, గుడిలో ఫ్రెంచి, ప్రభుత్వము వద్ద ఇటాలియన్. భాష మారినా వాక్యము చదువుట మాత్రము మానలేదు.

ఇది చదివిన రాత్రి కుటుంబ ప్రార్థనలో నా కుమారుని కీర్తన చదవమన్నాను. ఇంగ్లీషు మీడియములో చదివే పిల్లవాడు. ఒత్తుల దగ్గర, దీర్ఘముల దగ్గర ఆగి ఆగి, మూడవ వచనము దగ్గర పుస్తకము నాకిచ్చి, "నాన్నా, మీరే చదవండి" అన్నాడు. మా అమ్మకు చదువు రాదు. మనుమడు చదివితే వినాలని ఆశపడి కూర్చున్నది. ఆమెకు అతని ఇంగ్లీషు బైబిలు అర్థము కాదు, అతనికి ఆమె తెలుగు బైబిలు చదవడము రాదు. ఇద్దరి మధ్య నేను, పాస్టరును, సిగ్గుతో కూర్చున్నాను. ఊరందరి పిల్లలకు సండేస్కూలు పెట్టినవాడిని, నా ఇంటి పిల్లవానికి బార్బా కాలేకపోయాను.

తప్పు పిల్లలది కాదు. వారు ఇంగ్లీషులో చదివినా దేవుడు మాట్లాడతాడు. అయితే ఇంటిలో ఒకరు చదివితే మరొకరికి తెలియని స్థితి వచ్చినప్పుడు, ఆ ఇంటిలో వాక్యము మెల్లగా మౌనమైపోతుంది. హింసించినవారు వాల్డెన్షియన్ల ఇండ్లలో ఆర్పలేకపోయిన దీపమును మన ఇండ్లలో మన అశ్రద్ధే ఆర్పివేయగలదు.

మేము ఇప్పుడు రాత్రి భోజనమైన తరువాత పావుగంట కూర్చుంటున్నాము. బార్బాల వలె ఇద్దరిద్దరుగా, ఒక పెద్ద, ఒక చిన్న. మా అమ్మ తనకు కంఠస్థమైన కీర్తన చెప్తుంది, మనుమడు పుస్తకములో ఆ మాటల మీద వేలు పెట్టి చదువుతాడు. నిన్నటికి ఆరు వచనములు వచ్చినవి. మీ ఇంటిలో కూడా అమ్మమ్మనో, తాతయ్యనో, బాబాయినో ఈ పనికి పిలువండి. ఎవరూ లేకపోతే ప్రక్కింటి పిల్లవానికి మీరే బార్బా కండి.

ప్రభువు మీ గృహములలో తన వాక్యమును వినబడజేయును గాక. ఆమేన్.